అన్నిటికీ మొదటి గడి

మార్చి 9, ఆదివారం

ఒకప్పటి నా స్నేహితురాలికి,

నిజం చెప్పిన డ్రైవరు చేతిలోంచి స్టీరింగు లాక్కుని నీళ్ళ గొట్టం పెట్టింది నువ్వు. అబద్ధం చెప్పినవాళ్ళకి ఏమీ ఎరగనట్టు నిండు బస్సులు అప్పగించిందీ నువ్వే. డిపో మేనేజరు కాదు, ఆ చిన్నవయసు సంక్షేమాధికారి కాదు, నువ్వు.

ఈ మాట ముందు అనేస్తే తప్ప కలం కదలనంది. అనేశాను గనక ఇక మర్యాదలు. నేను కులాసా అనే చెప్పాలి. బడి, పిల్లల లెక్కల పుస్తకాలు, సాయంత్రం యూనియన్ ఆఫీసులో బులెటిన్ పని, అన్నీ మామూలే. మోకాళ్ళు మాత్రం మెట్ల దగ్గర మొరాయిస్తున్నాయి. నువ్వు కులాసాగానే ఉండి ఉంటావు. పోయిన నెల పేపర్లో నీ ఫొటో చూశాను. ఏదో సదస్సులో మైకు ముందు నిలబడి వేలు చూపిస్తూ మాట్లాడుతున్నావు. ఆ వేలు నాకు బాగా తెలుసు. మనం కలిసి ఊరేగింపుల్లో నడిచిన రోజుల్లో దాన్ని మంత్రుల వైపు చూపించేదానివి. ఇప్పుడు ఎవరి వైపు చూపిస్తున్నావో ఫొటోలో పడలేదు.

ఇది నీకు నేను రాస్తున్న మూడో ఉత్తరం. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి నాలుగు లైన్లు టైపు చేయించి పంపావు. నువ్వు తయారుచేసిన తాగుడు ప్రశ్నావళి విశ్వసనీయత, సప్రమాణత శాస్త్రీయంగా నిరూపితమైనవేనట. వినియోగం విషయంలో నేను సంబంధిత సంస్థను సంప్రదించగలనట. గలరు అని రాశావు చూడూ, అక్కడ చదవడం ఆపేశాను. ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని పట్టుకుని సంప్రదించగలరు అంటావా? కాసేపు నవ్వొచ్చింది కూడా. తర్వాత రాలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆ ప్రశ్నావళి పుట్టినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను, మరిచిపోయి ఉంటావు. పెద్దాసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు. ఫినాయిలు వాసన, ఇనప మంచాలు, కిటికీలకి జాలీలు. నువ్వు పరిశోధన చేస్తున్నావు, నేను సెలవుల్లో నీకు తోడొచ్చి కాగితాల సంచీ మోస్తున్నాను. నువ్వు రోగికి ఎదురుగా కూర్చునేదానివి కాదు, పక్కన కూర్చునేదానివి. ఎదురుగా కూర్చుంటే పోలీసు అనుకుంటారే అన్నావు నాతో. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, ఇష్టం లేకపోతే మానెయ్యండి అని ప్రతి ఒక్కరికీ చెప్పేదానివి. ఒక ముసలాయన జవాబులన్నీ చెప్పి, ఇన్నాళ్ళకి నన్ను తిట్టకుండా అడిగినవాళ్ళు మీరేనమ్మా అంటే, మనిద్దరం వరండాలోకి వెళ్ళి ముక్కులు చీదుకున్నాం.

ప్రశ్నలు పద్నాలుగు. వాటిలో తొమ్మిది మీ జీవితంలో ఎప్పుడైనా అని మొదలవుతాయి, ఐదు గడచిన ఏడాదిలో అని. ప్రతిదానికీ మూడు గడులు: లేదు, ఒకటి రెండుసార్లు, చాలాసార్లు. మార్కులు సున్నా, ఒకటి, రెండు. మొత్తం ఎనిమిది దాటితే ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలి. మాట్లాడాలి అని, గుర్తుందా? మొదటి పేజీ పైన నీ చేత్తో రాశావు: ఇది మనిషిని పట్టుకోవడానికి కాదు, మనిషికి అందడానికి. జీవితంలో ఎప్పుడైనా అన్న ప్రశ్నలు అన్నెందుకు అని నేను పేచీ పెట్టాను కూడా. ఒక్కడు కూడా మన చెయ్యి జారిపోకూడదు, ఎక్కువమంది వచ్చినా ఫరవాలేదు, మాట్లాడి పంపేద్దాం అన్నావు. ఆ వార్డులో అది సరైన మాటే. ఇవాళ్టికీ సరైన మాటే అంటాను.

ఇప్పుడు మా డిపోకి రా. నువ్వు రాలేదు గనక నేనే చూపిస్తాను.

ఏడాది పైచిలుకు కిందట ఒక బస్సు వెళ్ళి బస్టాపు షెడ్డుని గుద్దింది. ఎవరూ పోలేదు, ఇద్దరికి కాళ్ళు విరిగాయి. ఆ డ్రైవరు పదహారు గంటలుగా సీట్లో ఉన్నాడు. రిపోర్టులో పదహారు గంటల సంగతి ఒక్క ముక్క లేదు. సిబ్బందికి మాదకద్రవ్యాల, మద్యపాన వడపోత జరపాలి, అంటే అలవాటున్నవాళ్ళని ఏరాలి అని మాత్రం ఉంది. అలసటకి డ్యూటీలు తగ్గించాలి, కొత్తవాళ్ళని తీసుకోవాలి. వడపోతకి కాగితం చాలు. నీ కాగితం.

డ్రైవర్ల విశ్రాంతి గది తెలుసుగా ఎలా ఉంటుందో. రెండు బల్లలు, ఆగిపోయిన ఫ్యాను, చొక్కాలు వేలాడే మేకులు, చిరిగిన రెగ్జిన్ బెంచీలు. అక్కడ నలభై మందిని ఒకేసారి కూర్చోబెట్టారు. పైన నువ్వు రాసిన ఆ వాక్యం జిరాక్సులో ఎగిరిపోయింది. దాని చోట రెండు గీతలు వచ్చాయి: పేరు, బ్యాడ్జి నంబరు. పంచిపెట్టింది టైంకీపరు, వసూలు చేసిందీ అతనే. పొద్దున ఆలస్యంగా వచ్చినవాళ్ళకి గీత పెట్టే మనిషి! తాగుతారా అని అడిగే పని అతనికి అప్పగించారు.

డ్రైవర్లలో ఒకాయన ఉన్నాడు, అందరూ హారన్ అంటారు. నోరు మూతపడదు గనక ఆ పేరు. రోజూ పొద్దున్నే ఒక గుటక పడందే చేతుల వణుకు ఆగదని తనే బాహాటంగా చెప్పుకుంటాడు. కాగితం చేతికి రాగానే ఒకసారి పైనించి కిందికి చూసి, ఒరేయ్ బాబులూ, దీనికి చదువు అక్కర్లేదురా, అన్నిటికీ మొదటి గడే, నిలువునా ఒక్క గీత గీసి పారెయ్యండి, టీ చల్లారిపోతోంది అని గట్టిగా అరిచాడట. గదంతా నవ్వులు. టైంకీపరు కూడా నవ్వాడట. నిజంగానే కొందరు పద్నాలుగు టిక్కులు పెట్టే ఓపిక లేక నిలువు గీత గీసి ఇచ్చేశారు. నీ పత్రంలో ఒక్క ప్రశ్న కూడా అటుది ఇటు తిప్పి అడిగింది లేదు. మొదటి గడి ఎప్పుడూ మంచివాడిదే. బడిలో పదేళ్ళ పిల్లలకి పరీక్ష పెట్టినా నేను జవాబులన్నీ ఒకే వరసలో రానివ్వను.

రెండు వందల పన్నెండు మంది రాశారు. ముగ్గురు దొరికారు. ఒకడు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి అడ్డదిడ్డంగా టిక్కులు పెట్టినవాడు. వాడిని తాగుబోతన్నారు గానీ, కళ్ళజోడు లేకుండా కాగితం కనిపించనివాడు బస్సెలా నడుపుతున్నాడు బాబూ అని అడిగినవాడు లేడు. రెండోవాడు కొత్తగా చేరిన కుర్రాడు, ఇంట్లో తండ్రి తాగుతాడు, మీ ఇంట్లో తాగుడు వల్ల గొడవలయ్యాయా అన్న రకం ప్రశ్నలన్నిటికీ తండ్రి లెక్క చెప్పి ఇరుక్కున్నాడు. మూడోవాడు మా తమ్ముడు.

మా తమ్ముణ్ణి నువ్వు చూశావు. ఆ రోజుల్లో మన గదికి పోస్టర్ల జిగురు బకెట్టు మోసుకొచ్చేవాడు. తర్వాత వాడు తాగాడు. దాచేదేముంది, పదకొండేళ్ళు తాగాడు. పెళ్ళాన్ని చాలాసార్లు కొట్టాడు. కూతురి బడి ముందు కింద పడిపోయి ఉంటే పిల్లలందరూ చూశారు. ఆ తర్వాత మానేశాడు. వార్డులో కాదు, మందులతో కాదు, ఒక మేడ మీది గదిలో. గురువారం సాయంత్రాలు అక్కడ పదిహేను మంది ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చుంటారు. వాళ్ళకి ఒకటే కట్టుబాటు: అబద్ధం ఆడకూడదు. చిన్నది కూడా. బాగాలేకపోతే బాగున్నాను అనే మాట కూడా అనకూడదట. బజార్లో ఎవరైనా ఎలా ఉన్నావయ్యా అని అడిగితే మావాడు కాసేపు నిలబడి ఆలోచించి జవాబు చెప్పేవాడు. అవతలివాడు వెళ్ళిపోయేవాడు. మేమంతా దానిమీద జోకులేసుకునేవాళ్ళం. మా మరదలైతే, వదినా, మీ తమ్ముడికి కూర ఎలా ఉందని మాత్రం అడగకండి, తట్టుకోలేం అనేది.

అలాంటివాడి చేతికి నీ కాగితం వచ్చింది. నాలుగేళ్ళుగా చుక్క ముట్టనివాడు. ఎప్పుడైనా ఉద్యోగానికి ఆటంకం కలిగిందా? చాలాసార్లు. ఎప్పుడైనా ఇంట్లోవాళ్ళు మానమని బతిమాలారా? చాలాసార్లు. తొమ్మిదికి తొమ్మిదీ చాలాసార్లు. గడచిన ఏడాదివి ఐదూ లేదు. మార్కులు పద్దెనిమిది. హారన్‌కి సున్నా.

సంక్షేమాధికారి దగ్గరికి పిలిచారు. ఆ అమ్మాయి చెడ్డది కాదు, నీ శిష్యుల దగ్గర చదువుకున్నదే. మావాడు చెప్పాడు, అమ్మా, ఇది నా పాత సంగతి, నాలుగేళ్ళయింది, కావాలంటే రోజూ ఆ ఊదే యంత్రంలో ఊదుతాను అని. యంత్రం స్టోర్సులో ఉంది, సరిచూసి పంపాలి, ఎప్పుడొస్తుందో తెలీదంది. పోనీ మానేశానని రాసుకోండి అన్నాడు. ఆ అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి, రాయడానికి చోటు లేదు బాబాయ్ అందట. నిజమే. నువ్వు చోటు పెట్టలేదు. తాగినవాడికి గడి ఉంది, తాగనివాడికి గడి ఉంది. మానినవాడికి లేదు.

డ్రైవింగు నుంచి తీసి బస్సులు కడిగే షెడ్డులో వేశారు. ఆర్నెల్లకి మళ్ళీ పరీక్ష, మార్కులు ఎనిమిదికి దిగితే తిరిగి సీటు ఇస్తామన్నారు. నేను లెక్కల టీచర్ని, నీ ముందు ఈ లెక్క పెడుతున్నాను, తప్పుంటే చెప్పు. తొమ్మిది ప్రశ్నలు జీవితంలో ఎప్పుడైనా అని అడుగుతున్నాయి. జరిగింది జరగకుండా పోదు. నాలుగేళ్ళు మానినా పద్దెనిమిదే, నలభై ఏళ్ళు మానినా పద్దెనిమిదే, పోయాక పాడె మీద పడుకోబెట్టి అడిగినా పద్దెనిమిదే. నీ లెక్కలో మనిషి బాగుపడటానికి దారి లేదు. ఒక్కటే దారి ఉంది, అబద్ధం.

విశ్వసనీయత అంటే ఏమిటో నాకు నేర్పింది నువ్వే. కాటా మీద ఎన్నిసార్లు ఎక్కినా ఒకే బరువు చూపించాలి అన్నావు. సప్రమాణత అంటే ఆ కాటా చూపిస్తున్నది బరువే అయి ఉండాలి, ఇంకోటి కాకూడదు అన్నావు. ఎంత తేటగా చెప్పావో! ఆర్నెల్ల తర్వాత రెండోసారి పెట్టారు. మా తమ్ముడికి మళ్ళీ పద్దెనిమిది. హారన్‌కి మళ్ళీ సున్నా. ఆ కుర్రాడు తెలివి తెచ్చుకుని సున్నా అయ్యాడు, కళ్ళజోడువాడు కళ్ళజోడు తెచ్చుకుని సున్నా అయ్యాడు. మిగిలిన రెండు వందల తొమ్మిది మంది మార్కులు పోయినసారిలాగే, అక్షరం పొల్లుపోలేదు. అబ్బ, ఏం విశ్వసనీయత! భయపడ్డ మనిషిని సోమవారం అడిగినా, పైవారం అడిగినా అదే అబద్ధం తెచ్చి అదే గడిలో పెడతాడు. భయమంత నిలకడైనది లోకంలో ఇంకోటి లేదు. నీ కాటా ఎన్నిసార్లెక్కినా ఒకే ముల్లు చూపిస్తోంది. అది తూచుతున్నది తాగుడు కాదు, అంతే.

వార్డులో నీ పత్రం ఎందుకు పనిచేసింది? అక్కడ మంచాల మీదున్నవాళ్ళు అప్పటికే ఒప్పుకుని వచ్చినవాళ్ళు. పోల్చి చూడటానికి తెచ్చుకున్నది కళ్ళ విభాగం ముందు క్యూలో నిలబడ్డవాళ్ళని. ఆ రెంటికీ తేడా కనిపెట్టడానికి పద్నాలుగు ప్రశ్నలెందుకు, గుమ్మంలో నిలబడితే తెలుస్తుంది. ఒప్పుకోవడం వల్ల మేలు జరిగే చోట చేసిన కొలతని, ఒప్పుకుంటే తిండి పోయే చోటికి తెచ్చి పెట్టారు. ఇక్కడ దానికి నిరూపణ ఎవరు చేశారు? ఏ డిపోలో చేశారు? చూపించు.

నువ్వేమంటావో తెలుసు. సాధనంలో లోపం లేదు, వాడుకలో ఉంది అంటావు. కత్తి చేసినవాడి మీద కేసేమిటి అంటావు. ప్రతి ఏడాదీ అనుమతి పత్రం మీద సంతకం పెడుతున్నది నువ్వు. ఎవరికి, ఎక్కడ, ఎలా అని ఒక్కసారి అడిగావా? ఆ విశ్రాంతి గదిలోకి వచ్చి ఐదు నిమిషాలు కూర్చున్నావా? పక్కన కూర్చోవాలని చెప్పినదానివి, సంతకం పెట్టేటప్పుడు ఎదురుగా కూడా కూర్చోలేదు.

షెడ్డులో మా తమ్ముడు పన్నెండు నెలలు బస్సులు కడిగాడు. రోజుకి ముప్ఫై. కాలివేళ్ళ సందులు ఒరిసి పుండ్లయ్యాయి. వాడు గొట్టం పట్టుకుని నిలబడితే హారన్ బస్సు ఆపి, ఏరా తమ్ముడూ, ఇప్పుడు ఒట్టి నీళ్ళతోనే సరిపెడుతున్నావా అని అద్దం దించి అడిగేవాడట. వాడి నోట్లోంచి వచ్చే గాలి గొట్టం దాకా కొట్టేదట. వాడి బస్సు మావాడు కడిగేవాడు. మా మేనకోడలికి పదకొండేళ్ళు, బడిలో ఎవరో మీ నాన్న మళ్ళీ మొదలెట్టాడటగా అని అడిగారని ఇంటికొచ్చి నేరుగా తండ్రినే అడిగింది. లేదమ్మా అన్నాడు. మరి డిపోవాళ్ళు ఎందుకలా రాశారు అంది. జవాబు నీ దగ్గరుంటే పంపు.

జనవరిలో మూడోసారి పరీక్ష పెట్టారు. ఈసారి మా తమ్ముడికి సున్నా వచ్చింది. రెండు రోజుల్లో సీటు తిరిగి ఇచ్చారు. పద్దెనిమిది నుంచి సున్నాకి ఎలా దిగాడని ఎవరూ అడగలేదు. వడపోత కార్యక్రమం సత్ఫలితాలిస్తోంది అని నోటీసు బోర్డులో పెట్టారు. దీనిమీద బులెటిన్‌లో నేను మొదటి పేజీ వ్యాసం రాశాను. శీర్షిక: ఒక కార్మికుడి గెలుపు. కాపీ ఇందులో పెడుతున్నాను. చదివి చించెయ్యి.

నీతో వాదించడం నాకిష్టమైన పనుల్లో ఒకటిగా ఉండేది. ఇప్పుడది ఒక్కదాన్నే చెయ్యాల్సి వస్తోంది. ఆరోగ్యం చూసుకో.

కాగితాల సంచీ మోసిన
నీ నేస్తం

తా.క.

పైనదంతా నిజమే. కానీ ఈ ఉత్తరం రాసింది దానికోసం కాదు. కవరు అంటించాక మళ్ళీ చింపి ఇది రాస్తున్నాను.

ఆ సున్నా మా తమ్ముడు తనంతట తను తెచ్చుకోలేదు. నేను వేయించాను.

పరీక్షకి ముందు ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. నీ పత్రం పది కాపీలు తీయించి, పెన్సిలు చెక్కి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఏడాది చాలురా, నీ నిజం ఎవరికీ అక్కర్లేదు, అన్నిటికీ మొదటి గడే అన్నాను. హారన్ చెప్పిన మాటే నేనూ చెప్పానని అప్పుడు తట్టలేదు. అక్కా, నేను అబద్ధం ఆడకూడదు, గురువారాలు అక్కడికి వెళ్ళాలి కదా అన్నాడు. ఇది అబద్ధం కాదు, పోరాటం అన్నాను. నాకు మాటలు వచ్చు, తెలుసుగా నీకు. తప్పుడు ప్రశ్నకి తప్పుడు జవాబు న్యాయమేనని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మూడు ప్రశ్నలదాకా గీశాడు. నాలుగోది: తాగుడు వల్ల మీ ఇంట్లోవాళ్ళ మీద ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా? పెన్సిలు కింద పెట్టేశాడు. దీనికి లేదని ఎలా పెట్టనక్కా, తను పక్కగదిలోనే ఉంది అన్నాడు. అక్కణ్ణించి మా మరదలు గొంతు వచ్చింది. గుమ్మంలోకి కూడా రాలేదు, బట్టలు మడత పెడుతూనే, పెట్టవయ్యా, తగిలినదాన్ని నేనే చెప్తున్నాగా, పెట్టెయ్యి అంది.

పెట్టాడు. పది కాపీలూ వరసగా రాయించాను, చెయ్యి ఆగకుండా వచ్చేదాకా.

సీటు తిరిగొచ్చిన వారం గురువారం వాడు ఆ మేడ మెట్లెక్కలేదు. తర్వాతి గురువారమూ ఎక్కలేదు. అడిగితే, వెళ్ళి ఏం చెప్పనక్కా అన్నాడు. గెలిచానని చెప్పరా అన్నాను.

ఐదోవారం మా ఇంటికి వచ్చాడు. పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తున్నాడు. టీ ఇచ్చాను. తాగి కప్పు కింద పెట్టాడు. తాగినప్పుడు మా తమ్ముడు వస్తువుల్ని చాలా జాగ్రత్తగా పెడతాడు. కప్పు సాసరు మీద చప్పుడు లేకుండా, చుట్టూ సమానంగా, కళ్ళు దగ్గరికి పెట్టి చూసుకుని మరీ పెట్టాడు. పదకొండేళ్ళు చూశాను ఆ జాగ్రత్త. ఆ కప్పు తీసుకెళ్ళి కడిగేశాను. బులెటిన్ అప్పటికి అచ్చయి పంచేశారు.

పోయిన మంగళవారం పొద్దున వాడి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. ఆసుపత్రి మీదుగా, రెండు బడుల మీదుగా వెళ్ళే రూటు. యాభై మంది దాకా ఉన్నారు. బడి దగ్గర మలుపులో బస్సుని ఎంత జాగ్రత్తగా తిప్పాడో చెప్పలేను. ఆ కప్పు పెట్టినట్టే తిప్పాడు. నా పక్కన కూర్చున్న ముసలావిడ, ఈ డ్రైవరు ఎంత నెమ్మదైనవాడో అంది. దిగిపోయాను.

మా మరదలికి తెలుసు. వదినా, మీ కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ ఆ షెడ్డులో చూడలేను, మెల్లిగా మానిపిద్దాం అంది. మెల్లిగా అంటే ఎన్ని ట్రిప్పులు? వాణ్ణే నిలదీశాను. కోప్పడలేదు, కాదనలేదు. నాకు రాయడం నేర్పావు కదక్కా, ఇప్పుడు ఎవరడిగినా మొదటి గడే వస్తోంది అన్నాడు.

శుక్రవారం డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫైలు తెప్పించి సున్నా చూపించాడు. టీచరమ్మగారూ, ఏడాదిగా తాగలేదు తాగలేదని మా ప్రాణం తీశారు, బులెటిన్‌లో మమ్మల్ని ఏకేశారు, తీరా సున్నా వచ్చాక తాగుతున్నాడంటారేమిటి, అక్కాతమ్ముళ్ళ మధ్య ఏమన్నా వస్తే ఇంట్లో తేల్చుకోవాలి గానీ అన్నాడు. ఊదే యంత్రం తెప్పించండి అన్నాను. స్టోర్సులో ఉంది, వస్తుంది అన్నాడు. కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చి, మీ ఫిర్యాదు డిపోకే పంపుతాం అన్నారు. నిజం చెప్పినప్పుడు మా తమ్ముణ్ణి నమ్మలేదు, ఇప్పుడు నన్ను నమ్మడం లేదు. ఆ కాగితాన్ని నమ్ముతున్నారు. అది ఒట్టి కాగితం అని చెబితే వాళ్ళు వినేది ఒక్క మనిషి మాటే. దాని కింద పేరున్న మనిషి మాట.

నువ్వు చెబుతావని నాకు ఆశ లేదు. అయినా రాస్తున్నాను. నా డిమాండ్లు ఇవి:

1. పేరు, బ్యాడ్జి నంబరు రాయించి నింపించిన పత్రాలకి విలువ లేదని నీ సంతకంతో రాసివ్వాలి. ఎవరి సున్నాకీ లేదు, ఎవరి పద్దెనిమిదికీ లేదు.

2. ఉద్యోగాల్లో ఈ ప్రశ్నావళి వాడటానికి ఇచ్చిన అనుమతులన్నీ రద్దు చెయ్యాలి.

3. మానేసినవాళ్ళకి పత్రంలో చోటు పెట్టాలి.

4. ఒప్పుకున్నవాడికి వైద్యమూ, ఉద్యోగమూ రెండూ ఉంటాయని రాతపూర్వకంగా ఇస్తే తప్ప ఎవరినీ ఏమీ అడగకూడదని వాళ్ళకి చెప్పాలి.

5. ఊదే యంత్రం స్టోర్సులోంచి బయటికి తెప్పించాలి. హారన్ కూడా ఊదాలి.

6. మా తమ్ముడి మూడో పత్రం నేను నేర్పి రాయించినదని నా పేరు పెట్టి మేనేజరుకి తెలపాలి. కావాలంటే ఈ ఉత్తరమే పంపు.

7. ఇవేవీ కుదరకపోతే, ఇది చేతికందిన రోజే డిపోకి ఫోన్ చేసి మా తమ్ముణ్ణి బస్సు దింపించాలి. వాడి మొదటి ట్రిప్పు పొద్దున ఐదున్నరకి.